అక్షింతల పురుగు

మూత తియ్యగానే
ఎదురింటి దాలమ్మ గారి కిటికీ టప్పున మూసుకుంటుంది.
పోలమ్మ బుట్టలో మిగిలిన చేపల పొట్టలూ తలకాయలూ,
కిలోకి కిలో బెల్లం,
ఇరవై రెండు రోజుల నీడ.
నిన్నటిదాకా కుళ్ళు, ఇవాళ కొంచెం పనసపండు.
ఆ తేడా పట్టుకునేసరికి నాకే ఏడాది పట్టింది,
ఆవిడ తప్పేం లేదు.

ఈ ముక్కు పదకొండేళ్ళు
ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో
మందులకొట్టు గల్లాపెట్టె వెనకాల కూచుంది.
జ్వరానికీ దగ్గుకీ ఇచ్చే మందులు కావు.
చంపేదాన్ని కూడా మందనే పిలిచాం,
ఎంత మర్యాదస్తులం!
ఏ చేనూ తొక్కకుండా, ఏ ఆకూ తిప్పి చూడకుండా
"పురుగెలాగుంది? పచ్చగానా, నల్లగానా?" అని అడిగి
అరలోంచి సీసా తీసిచ్చేవాణ్ణి.
నల్లదైతే ఒకటి, పచ్చదైతే రెండు.
మధ్యాన్నం సబ్బుతో మూడుసార్లు కడిగినా
ముద్ద నోటిదాకా వచ్చి ఆగేది.
కేరేజీ మా ఆవిడ సర్దింది, వాసన కంపెనీవాళ్ళది.

కొన్న సీసాని వెనక్కి తెచ్చిన మనిషి
అన్నేళ్ళలో ఒక్కర్తే.
గేదెల సన్యాసమ్మ, దూసి అవతలినుంచి.
సీలు కూడా తియ్యలేదు. బల్లమీద పెట్టి
"నాను తాగలేందాన్ని నా ఆనపపాదుకెలాగ పోస్తానేటి బాబూ,
నా డబ్బులిచ్చీ" అంది.
అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని
గోడమీద రాసింది చూపించాను.
ఆవిడకి చదువు రాదు.
అదీ తెలుసు నాకు.

ఇప్పుడు దొడ్డిలో నిలబడి ఆవిడతో దెబ్బలాడుతుంటాను:
మరి ఈ చేపనీళ్ళు నువ్వు తాగుతావేటమ్మా?
వేపగింజల పాలు?
మూడువారాలు పులిసిన మజ్జిగ?
నవ్వుతుందనే అనుకుంటాను.
ఉందో లేదో.

పన్నెండడుగుల దొడ్డి.
బచ్చలి అడక్కుండానే గోడెక్కింది.
కంద భూమిలో ఏం చేస్తోందో ఎవరికీ చెప్పదు.
వంగ పోయింది. సగం కాయల్లో
మాకంటే ముందే పురుగు కాపురం పెట్టింది,
దాని వాటా దానికి కోసి
మిగతాది మేం వండుకున్నాం.

మార్గశిరం మంచుకి
చిక్కుడుపాదుకి పేనుబంక పట్టింది.
కొసలన్నీ నల్లగా, జిగురుగా,
చీమలు కాపలా.
బూడిద జల్లాను. వేపపాలు కొట్టాను. సబ్బునీళ్ళు.
నాలుగోరోజు రాత్రి గుణుపూర్ బండి వెళ్ళిపోయాక
చీకట్లో నా చెయ్యి నాకు చెప్పకుండా లేచి
గాలిలో ఆ అరని తడుముకుంది,
ఎడంవేపునుంచి మూడోది, నీలం మూత.
కొట్టు ఇక్కడికి నూరడుగులు.
తలుపు కొడితే తీస్తారు.

వెళ్ళలేదు.
సన్యాసమ్మకి రెండొందల నలభై
ఇంకా బాకీ ఉన్నాను.

ఇవాళ పొద్దున్న దాలమ్మ గారి మనవరాలు
ముక్కు మూసుకునే దొడ్డిలోకి వచ్చి
"తాతా, నీ పాదుకెవరో బొట్లెట్టేరు" అంది.
కళ్ళజోడు తెచ్చుకుని వంగి చూశాను.
ఎర్రటి బొట్లు, వాటిమీద నల్ల చుక్కలు,
నడుస్తున్నాయి.
నడిచినంత మేరా కొస పచ్చబడుతోంది.
కంపెనీ ఇచ్చిన గోడ పటంలో ఒక మూల
ఇదీ ఉండేది, ఎవరూ అడగని బొమ్మ,
కింద చిన్నక్షరాల్లో పేరు: అక్షింతల పురుగు.
ఎన్ని పాదులమీద
ఎన్ని అక్షింతలు రాలగొట్టించానో
ఏ చిట్టాలోనూ రాసుకోలేదు.

కొట్టు కట్టేముందు సీసాలు లెక్కపెట్టే అలవాటు
ఇంకా పోలేదు.
పిల్ల వేలు చూపిస్తుంటే లెక్కపెట్టాను.
పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది.
ఇరవయ్యోది ఎగిరొచ్చి
నా మణికట్టుమీద వాలింది.

లోపలినుంచి మా ఆవిడ చల్దన్నానికి పిలుస్తోంది,
చెయ్యి కడుక్కు రమ్మంటోంది.

ఉండవే, కాసేపు.